మెగావాట్ బీమ్‌కు నిలిచే టార్గెట్: వరంగల్ ల్యాబ్ నుంచి పరిశోధన మొదలుపెట్టే పద్ధతి

యాక్సిలరేటర్ టార్గెట్ (ప్రోటాన్ బీమ్ తగిలి న్యూట్రాన్లు, న్యూట్రినోల లాంటి కణాలకు దారితీసే దిమ్మ) మీద పని చేయాలని వచ్చే ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు ముందుగా అడిగేది "ఏ పదార్థం గట్టిది?" అని. అలా అడిగితే జవాబు దొరకదు. గ్రాఫైట్, టంగ్‌స్టన్, టైటానియం మిశ్రమం, స్టీల్ పాత్రలో పారే పాదరసం, అన్నీ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉన్నాయి, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతూనే ఉన్నాయి. అడగాల్సింది ఇది: ఎలాంటి పల్స్, ఎన్నిసార్లు, ఎంత వేడి మీద, ఎంత రేడియేషన్ తిన్న తర్వాత? ఈ నాలుగూ ఒకే నమూనా మీద కలిసి పడితే ఏమవుతుందో చెప్పే కొలతలు ప్రపంచంలోనే చాలా తక్కువ. విడివిడిగా చేసిన కొలతలు బోలెడున్నాయి. వాటిని కూడి చూస్తే వచ్చే అంచనా తరచూ తప్పుతుంది. పరిశోధనకు ఖాళీ ఉన్నది అక్కడే. అందులో ఏ ముక్కను నిట్ వరంగల్‌లోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, కరీంనగర్, రామగుండం వైపు ఇంజినీరింగ్ కాలేజీలోనో పక్కాగా చేయొచ్చో, దేనికి బయటి బీమ్ కావాలో, ఎక్కడ దారి తప్పుతామో కింద రాస్తున్నాం.

ముందు యంత్రాన్ని ఎంచుకోండి

నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద ఒక యంత్రం పేరు, దాని బీమ్ అంకెలు ఉండాలి. అమెరికాలో ఓక్ రిడ్జ్‌లో న్యూట్రాన్లు పుట్టించే ఎస్‌ఎన్‌ఎస్‌ 1.4 మెగావాట్ల డిజైన్‌లో 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్లు సెకనుకు 60 సార్లు పాదరసాన్ని తాకుతాయి. అంటే దెబ్బకు 23 కిలోజూళ్లు, అదీ మైక్రోసెకను లోపే. జపాన్‌లో జె-పార్క్‌లోని టీ2కే న్యూట్రినో టార్గెట్ 26 మిల్లీమీటర్ల వ్యాసం, 900 మిల్లీమీటర్ల పొడవున్న గ్రాఫైట్ కడ్డీ. దానికి 30 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల బీమ్ ఒకటి రెండు సెకన్లకోసారి, కొన్ని మైక్రోసెకన్లపాటు తగులుతుంది. స్వీడన్‌లో లుండ్ దగ్గర ఈఎస్ఎస్ అనే న్యూట్రాన్ కేంద్రం డిజైన్ 5 మెగావాట్లు. అక్కడ పల్స్ 2.86 మిల్లీసెకన్లు, సెకనుకు 14. టార్గెట్ ఏమో 36 భాగాలుగా చేసిన రెండున్నర మీటర్ల టంగ్‌స్టన్ చక్రం. స్విట్జర్లాండ్‌లోని పీఎస్ఐలో బీమ్ ఆగకుండా పారుతుంది. సింక్ అనే అక్కడి టార్గెట్‌లో జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమం) గొట్టాల్లో సీసం నింపి పేరుస్తారు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లో అణు ఇంధనానికి గొట్టాలు చేసేది కూడా జిర్కలాయ్ కుటుంబంతోనే.

అన్నీ మెగావాట్ స్థాయివే, కానీ ఒక్కోటి ఒక్కోలా దెబ్బతింటుంది. ఎస్‌ఎన్‌ఎస్‌లో పీడన తరంగం ప్రధాన శత్రువు. ఈఎస్ఎస్‌లో పల్స్ నెమ్మది కాబట్టి ఆ తరంగం బాధ తక్కువ. చక్రం తిరుగుతుంది కాబట్టి ఒక భాగానికి దెబ్బకు దెబ్బకు మధ్య 36ను 14తో భాగించినంత, సుమారు 2.6 సెకన్లు విరామం దొరుకుతుంది. పీఎస్ఐలో పల్స్ షాక్ లేదు, కానీ బీమ్ ట్రిప్ అయినప్పుడల్లా, అంటే ఉన్నట్టుండి ఆగినప్పుడల్లా, అంతా చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది. ఆ ట్రిప్పుల లెక్క వేయకుండా ఫెటీగ్ (పదేపదే లోడ్ పడి పదార్థం అలసి పగలడం) లెక్క రాసిన థీసిస్‌లు చాలానే కనిపిస్తాయి.

చేతి లెక్క వేశాకే కోడ్ తెరవండి

ఫ్లూకా, ఫిట్స్, మార్స్, జియాంట్4 అన్నీ కణాలు పదార్థంలో శక్తిని ఎలా వదులుతాయో లెక్కించే మంచి కోడ్‌లే. కానీ చేతి లెక్క లేకుండా కోడ్ తెరిస్తే యూనిట్ తప్పు పడ్డా తెలియదు. టీ2కే తొలి డిజైన్ అంకెలతో ఒకటి వేసి చూద్దాం. పల్స్‌కు 3.3 × 10¹⁴ ప్రోటాన్లు, 2.1 సెకన్లకో పల్స్, బీమ్ సిగ్మా (నడిమి నుంచి బీమ్ ఎంత విస్తరించిందో చెప్పే కొలత) 4.2 మిల్లీమీటర్లు. 30 గిగా ఎలక్ట్రాన్ వోల్టులంటే 4.8 × 10⁻⁹ జూళ్లు. పల్స్‌కు 1.59 మెగాజూళ్లు వస్తుంది, 2.1తో భాగిస్తే 755 కిలోవాట్లు. డిజైన్ పవర్ 750 కాబట్టి ఇంతవరకు సరే.

ఇప్పుడు బీమ్ నడిమధ్యలో చదరపు సెంటీమీటర్‌కు ఎన్ని ప్రోటాన్లు? మొత్తాన్ని 2 × పై × సిగ్మా వర్గంతో, అంటే 1.11 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే సుమారు 3 × 10¹⁴. ఒక్కో ప్రోటాన్ గ్రాఫైట్‌లో, చదరపు సెంటీమీటర్‌కు ఒక గ్రాము చొప్పున ఉండే మందానికి, సుమారు 1.75 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు వదులుతుంది. గుణించి జూళ్లలోకి మారిస్తే గ్రాముకు 83 జూళ్లు. గది వేడిమిలో గ్రాఫైట్ విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 0.71 జూళ్లు కాబట్టి పల్స్‌కు 118 డిగ్రీలు పెరగాలి. ఇది మొదటి ప్రోటాన్ల వాటా మాత్రమే. టార్గెట్ లోపల పుట్టే ద్వితీయ కణాలు దీన్ని ఇంకా పెంచుతాయి, డిజైన్ లెక్కలో అది సుమారు 200 డిగ్రీలు. మీ కోడ్ 20 అనో 2,000 అనో చెబితే తప్పు మీ ఇన్‌పుట్ ఫైల్‌లోనే ఉంది. ఎక్కువసార్లు అది సిగ్మాకు బదులు పూర్తి వెడల్పు ఇవ్వడం వల్లో, మెష్ గడులు (లెక్క కోసం టార్గెట్‌ను విడగొట్టే చిన్న గళ్లు) బీమ్ కంటే పెద్దవిగా పెట్టడం వల్లో జరుగుతుంది. గడి పక్క కొలత సిగ్మాలో నాలుగో వంతుకు మించితే నడిమి శిఖరం చదునైపోతుంది.

ఇంకో మాట. గ్రాఫైట్ విశిష్టోష్ణం 400 డిగ్రీల దగ్గర రెట్టింపు దాటి గ్రాముకు దాదాపు 1.5 జూళ్లవుతుంది. గది వేడిమి అంకెతోనే అన్సిస్ (వేడి, స్ట్రెస్ లెక్కించే సాఫ్ట్‌వేర్) నడిపితే పల్స్ పెరుగుదలను రెండింతలు ఎక్కువగా చూస్తారు. ఉష్ణవాహకత విషయంలో తప్పు దీనికి తలకిందులుగా, ప్రమాదం వైపు పడుతుంది. రేడియేషన్ తిన్న గ్రాఫైట్ వాహకత బాగా పడిపోతుంది కాబట్టి కొత్త పదార్థం అంకెతో వేసిన నడిమి ఉష్ణోగ్రత అసలు కంటే తక్కువగా వస్తుంది.

స్ట్రెస్, తరంగం, సైకిళ్లు

కరీంనగర్, వరంగల్ పల్లెల్లో బండ మీద మంట పెట్టి పలకలు లేపిన పెద్దవాళ్లకు ఒక సంగతి తెలుసు: బండ మొత్తం సమంగా వేడెక్కితే పలక లేవదు, పైపొర వేడెక్కి కింద చల్లగా ఉంటేనే లేస్తుంది. టార్గెట్ కూడా అంతే. స్ట్రెస్ పుట్టేది వేడి నుంచి కాదు, వేడిలో తేడా నుంచి. బీమ్ తగిలిన నడిమి భాగం వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని భాగం పట్టి ఉంచుతుంది. పైహద్దు అంచనాకు యంగ్ గుణకం, ఉష్ణ వ్యాకోచ గుణకం, ఉష్ణోగ్రత తేడా మూడూ గుణించి, ఒకటిలోంచి పాయిసన్ నిష్పత్తి తీసేసిన అంకెతో భాగించండి. 200 డిగ్రీల తేడాకు మంచి ఐసోట్రోపిక్ గ్రాఫైట్‌లో సుమారు 12 మెగాపాస్కల్ వస్తుంది. అలాంటి గ్రాఫైట్ సాగుడు బలం 30కి పైనే ఉంటుంది. టైటానియం 6-4లో (6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉన్న మిశ్రమం) సుమారు 300 వస్తుంది, దాని ఈల్డ్ బలం (శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే స్ట్రెస్) 800 దాటుతుంది. 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్‌లో దాదాపు 880 వస్తుంది, దాని ఈల్డ్ బలం మామూలుగా 200 చుట్టూ. పెళుసుగా కనిపించే గ్రాఫైట్ దశాబ్దాలుగా ఎందుకు నిలిచిందో ఈ మూడు అంకెలే చెబుతాయి. స్టీల్ బలం ఇక్కడ పనికిరాదు. తక్కువ యంగ్ గుణకం, తక్కువ వ్యాకోచం, ఇవే కాపాడేవి.

తర్వాత కాలాలు పోల్చండి. ధ్వని టార్గెట్ అర్ధవ్యాసం దాటే సమయం కంటే పల్స్ చిన్నదైతే పదార్థానికి వ్యాకోచించే తీరిక ఉండదు, స్ట్రెస్ తరంగం పుడుతుంది. గ్రాఫైట్‌లో ధ్వని వేగం సెకనుకు సుమారు 2,400 మీటర్లు, 13 మిల్లీమీటర్ల అర్ధవ్యాసానికి ఐదున్నర మైక్రోసెకన్లు. టీ2కే పల్స్ కూడా కొన్ని మైక్రోసెకన్లే కాబట్టి డైనమిక్ విశ్లేషణ తప్పనిసరి. టైమ్ స్టెప్‌ను మిల్లీసెకన్లలో పెడితే తరంగం అసలు కనిపించదు, రిపోర్ట్‌లో "భద్రం" అని వచ్చేస్తుంది.

ఇక సైకిళ్లు. 2.1 సెకన్లకో పల్స్‌తో 200 రోజులు నడిపితే 82 లక్షల సైకిళ్లు. ఎస్‌ఎన్‌ఎస్‌లో 5,000 గంటలకే 108 కోట్లు. కాలేజీలో మామూలుగా ఉండే 20 హెర్ట్జ్ ఫెటీగ్ మెషీన్ మీద 100 కోట్ల సైకిళ్లకు 579 రోజులు కావాలి. 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ ఫెటీగ్ రిగ్ మీద అదే పని 14 గంటల లోడింగ్. నమూనా వేడెక్కకుండా మధ్యమధ్య ఆపాలి కాబట్టి నిజానికి కొన్ని రోజులు పడుతుంది. టార్గెట్ పదార్థాలకు 10⁸ సైకిళ్లు దాటాక డేటా పలుచన. ఇలాంటి రిగ్ ఒకటి కట్టుకుంటే బీమ్ లేకుండానే పనికొచ్చే ఫలితం వస్తుంది. హార్న్‌కు (నమూనాను కంపింపజేసే లోహపు కడ్డీకి) నమూనా పొడవు రెజొనెన్స్‌లో సరిపోకపోతే స్ట్రెస్ అంకె పూర్తిగా తప్పుతుంది. కనుక కొత్త నమూనా రకం వచ్చిన ప్రతిసారీ స్ట్రెయిన్ గేజ్‌తో క్యాలిబ్రేట్ చేయాలి.

రేడియేషన్ లెక్కలో రెండు అంకెలు

ఒక పరమాణువు తన చోటు నుంచి సగటున ఎన్నిసార్లు తన్నివేయబడిందో చెప్పేది డీపీఏ. పరమాణువులు చీలి పుట్టిన హీలియం, హైడ్రోజన్ ఎంతో చెప్పేది ఏపీపీఎం, అంటే పది లక్షల పరమాణువులకు ఎన్ని. చాలామంది మొదటిది రాసి రెండోది వదిలేస్తారు. టార్గెట్‌లో అలా వదలకూడదు. ఇనుము మీద 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రోటాన్లకు స్థానభ్రంశ క్రాస్ సెక్షన్ (పరమాణువులు చోటు తప్పే అవకాశాన్ని చెప్పే కొలత) సుమారు 3,000 బార్న్‌లు. చదరపు సెంటీమీటర్‌కు 10²¹ ప్రోటాన్లు పడితే 3 డీపీఏ. హీలియం పుట్టే క్రాస్ సెక్షన్ సుమారు 0.4 బార్న్, కాబట్టి డీపీఏకు వందకు పైచిలుకు ఏపీపీఎం హీలియం. ఫ్యూజన్ రియాక్టర్ స్టీల్‌లో ఇది పది చుట్టూ ఉంటుంది, ఫాస్ట్ రియాక్టర్‌లో ఒకటి లోపు. అందుకే కల్పాక్కంలోనో ఇంకెక్కడో రియాక్టర్ కోసం పోగుచేసిన డేటాను నేరుగా టార్గెట్‌కు వాడలేం. డీపీఏ ఒకటే అయినా వంద రెట్ల హీలియం గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) సరిహద్దుల్లో చేరి వాటిని విడదీస్తుంది.

డీపీఏ రాసేటప్పుడు ఏ పద్ధతిలో వేశారో కూడా రాయండి: ఎన్‌ఆర్‌టీనా, ఏఆర్‌సీనా, స్థానభ్రంశ శక్తి (పరమాణువును చోటు తప్పించడానికి కావాల్సిన శక్తి) ఎంత తీసుకున్నారు? ఇనుముకు 40, టంగ్‌స్టన్‌కు 90, టైటానియంకు 30 ఎలక్ట్రాన్ వోల్టులు వాడుక. ఇది రాయని పేపర్‌తో మీ ఫలితాన్ని పోల్చడం కుదరదు.

ఏ పదార్థంలో ఏది తేలలేదు

గ్రాఫైట్‌లో వేడి మీదే అంతా ఆధారపడుతుంది. చల్లగా ఉంచితే లోపాలు పేరుకుపోతాయి, వాహకత కూలిపోతుంది. వేడిగా ఉంచితే చాలా లోపాలు తమంతట తామే మానుతాయి. అందుకే టార్గెట్‌ను హీలియంతో చల్లబరుస్తూ కావాలనే కొన్ని వందల డిగ్రీల మీద నడుపుతారు. ఆ వేడిలో హీలియంలోకి కాస్త గాలి చొరబడితే గ్రాఫైట్ మెల్లగా కాలి పలచబడుతుంది. లోపాలు మానడానికి ఎంత వేడి చాలు, ఆక్సీకరణకు ఎంత వేడి ఎక్కువ అన్న గీత గ్రేడ్ గ్రేడ్‌కూ మారుతుంది. గ్రెయిన్ పరిమాణం, రంధ్రాల తీరు ఆ గీతను ఎలా జరుపుతాయన్నది మంచి ప్రశ్న, దానిలో సగం పని రేడియేషన్ లేకుండానే చేయొచ్చు.

టైటానియం 6-4ను బీమ్ విండోలకు (బీమ్ దాటి వెళ్లే పలుచని లోహపు తెరలకు) వాడతారు. టీ2కే విండో 0.3 మిల్లీమీటర్ల గుమ్మటాలు రెండు, మధ్యలో హీలియం. ఇబ్బంది ఏమంటే ఒక డీపీఏలో కొద్ది భాగం చేరేసరికే ఈ మిశ్రమం గట్టిపడి, సమంగా సాగే గుణాన్ని దాదాపు కోల్పోతుంది. బీటా ఫేజ్‌లో (మిశ్రమంలోని ఒక స్ఫటిక రూపంలో) ఒమెగా అనే సన్నని అవక్షేపాలు పుట్టడం దానికి ఒక కారణం. 15 శాతం వెనేడియం, 3 శాతం చొప్పున క్రోమియం, తగరం, అల్యూమినియం ఉన్న 15-3 మిశ్రమం ఇంత త్వరగా గట్టిపడదని రేడియేట్ అనే అంతర్జాతీయ బృందం చేసిన పరీక్షల్లో తేలింది. ఏ హీట్ ట్రీట్‌మెంట్ ఆ ఓర్పును పెంచుతుందో ఇంకా తవ్వాల్సి ఉంది. మెటలర్జీ విభాగం ఉన్న చోట, హైదరాబాద్‌లో ప్రత్యేక లోహ మిశ్రమాలు చేసే మిధాని ఉండగా, మనకు ఇంతకంటే అనువైన సమస్య కనిపించడం లేదు.

టంగ్‌స్టన్ గది వేడిమిలో పెళుసు. రేడియేషన్ తిన్నాక ఇంకా ఎక్కువ వేడి మీద కూడా పెళుసుగానే ఉంటుంది. నీళ్లు నేరుగా తాకితే తుప్పు పడుతుంది, ఎందుకంటే బీమ్ నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. అందుకే ఇంగ్లండ్‌లోని ఐసిస్‌లో టంగ్‌స్టన్ పలకలకు టాంటలం తొడుగు వేస్తారు. ఆ తొడుగు వేరే చిక్కు తెస్తుంది. టాంటలం-182 అర్ధాయువు 115 రోజులు కాబట్టి బీమ్ ఆపాక కూడా చాలాకాలం వేడి పుడుతూనే ఉంటుంది. తొడుగు సన్నగా ఉండాలి, అయినా ఊడకూడదు. హాట్ ఐసోస్టాటిక్ ప్రెస్సింగ్‌లో (వేడి మీద అన్ని వైపుల నుంచి గ్యాస్ ఒత్తిడితో అతికించే పద్ధతిలో) ఆ జోడు ఎంత గట్టిగా అంటుకుంది, వేల సార్లు వేడి చల్లన పడ్డాక ఎక్కడ విడుతుంది అన్నది బీమ్ లేకుండా చేయదగ్గ పనే. హైదరాబాద్ ఏఆర్‌సీఐ లాంటి పౌడర్ మెటలర్జీ సంస్థతో కలిసి అడుగు వేయొచ్చు.

పాదరసం టార్గెట్‌లో పల్స్ వల్ల పుట్టిన పీడన తరంగం వెనక్కి లాగినప్పుడు ద్రవంలో బుడగలు పుట్టి, పాత్ర గోడ దగ్గర లోపలికి కుప్పకూలి గుంటలు చేస్తాయి. సన్నని హీలియం బుడగలు ముందే పాదరసంలో కలిపితే దెబ్బ తగ్గుతుంది. ఎస్‌ఎన్‌ఎస్‌లో 2017 నుంచి ఇది నడుస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో పాదరసం జోలికి వెళ్లొద్దు. గోడ పదార్థాన్ని పరీక్షించడానికి ఏఎస్‌టీఎం జీ32 పద్ధతి చాలు: 20 కిలోహెర్ట్జ్ హార్న్, 50 మైక్రాన్ల కదలిక, 25 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్. నైట్రైడింగ్, కార్బురైజింగ్ చేసిన (నైట్రోజన్, కార్బన్ ఎక్కించి గట్టిపరచిన) 316ఎల్ ఉపరితలం గుంటలను ఎంత ఆపుతుందో దీనితో తెలుస్తుంది. ఆ గట్టి పొరే ఫెటీగ్‌లో పగులుకు మొదలవుతుందా అన్నది అదే నమూనాను అల్ట్రాసోనిక్ రిగ్ మీద పెడితే తెలుస్తుంది. రెండూ ఒకే నమూనా మీద వరుసగా చేసినవాళ్లు తక్కువ.

వెల్డ్‌ల గురించి విడిగా చెప్పాలి. ముందుగానే లీకైన టార్గెట్ పాత్రలను విప్పి చూస్తే తప్పు కొన్నిసార్లు రేడియేషన్‌లో కాక వెల్డ్‌లో, జోడింపులో దొరికింది. గొప్ప మిశ్రమం కనిపెట్టి దాన్ని మామూలు వెల్డ్‌తో కలిపితే ప్రయోజనం లేదు. మీ పరీక్షా నమూనాల్లో కనీసం మూడో వంతు వెల్డ్ మీదుగా కోసినవై ఉండాలి.

ల్యాబ్ బల్ల మీద పని

మొదటి ఆరు నెలలు రేడియేషన్ మాటే ఎత్తకుండా మూల డేటా తీయండి. పదార్థం కొనేటప్పుడు మిల్ సర్టిఫికెట్, హీట్ నంబర్ (ఒకేసారి కరిగించి పోసిన లోహపు బ్యాచ్ సంఖ్య) లేకుండా తీసుకోవద్దు. టైటానియం గ్రేడ్ 5లో ఆక్సిజన్ 0.20 శాతం వరకు ఉండొచ్చు, గ్రేడ్ 23లో 0.13 మించదు. రెండూ షాపులో "6-4" అనే పేరుతోనే వస్తాయి, రెండూ రేడియేషన్‌కు ఒకేలా స్పందించవు.

నమూనాలు చిన్నవిగా చేయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి, ఎందుకంటే రేడియేషన్ తిన్న పదార్థం చిన్న ముక్కల్లోనే దొరుకుతుంది. ఎస్ఎస్‌జే-3 అనే సాగుడు నమూనా 16 మిల్లీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 0.75 మందం. గేజ్ 5 పొడవు, 1.2 వెడల్పు. మందంలో గ్రెయిన్లు ఆరేడైనా లేకపోతే కొలిచేది పదార్థాన్ని కాదు, ఒకటి రెండు గ్రెయిన్లను. కోత హైదరాబాద్ బాలానగర్‌లో వైర్ కట్ ఈడీఎం (విద్యుత్ నిప్పురవ్వలతో కోసే యంత్రం) మీద చేయించొచ్చు. ఈడీఎం వదిలే కరిగి గడ్డకట్టిన పొరను ఒక్కో వైపు కనీసం 20 నుంచి 30 మైక్రాన్లు పాలిష్ చేసి తీయాలి. తీయకపోతే ఫెటీగ్ పగుళ్లన్నీ ఆ పొరలోంచే మొదలవుతాయి. గ్రాఫైట్ మాత్రం నీళ్లు, కూలెంట్ లేకుండా పొడిగా కోయాలి, లేకపోతే రంధ్రాలు నూనె పీల్చుకుంటాయి. ధూళి విద్యుత్తును పారిస్తుంది కాబట్టి కంప్యూటర్లు, పవర్ సప్లైలు ఉన్న గదిలో కోయొద్దు. బెరీలియం కాలేజీలో అసలు వద్దు. దాని ధూళి ఊపిరితిత్తులను కోలుకోలేకుండా దెబ్బతీస్తుంది.

ఉష్ణవాహకతకు లేజర్ ఫ్లాష్ వాడతారు. పలక మందం వర్గాన్ని 0.1388తో గుణించి, వెనక వైపు సగం వేడెక్కడానికి పట్టిన సమయంతో భాగిస్తే ఉష్ణ వ్యాపనం వస్తుంది. పరికరం లేకపోతే గ్రాఫైట్‌కు నాలుగు మొనల విద్యుత్ నిరోధం కొలవండి. లోపాలు పెరిగితే అదీ పెరుగుతుంది కాబట్టి చౌకైన తొలి సూచిక అవుతుంది.

పల్స్ షాక్‌ను బీమ్ లేకుండా అనుకరించడానికి సన్నని తీగలో కరెంట్ పల్స్ పంపే పద్ధతి ఉంది. 0.5 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ తీగ 10 సెంటీమీటర్లు 0.38 గ్రాములు తూగుతుంది, 100 డిగ్రీలు పెంచడానికి 5 జూళ్లు చాలు. చూడటానికి తేలిక. కానీ పల్స్ వేగంగా ఉంటే కరెంట్ తీగ పైపొరలోనే పారుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర టంగ్‌స్టన్‌లో స్కిన్ లోతు 0.12 మిల్లీమీటర్లు, తీగ అర్ధవ్యాసం 0.25. అంటే నడిమి భాగం చల్లగా, అంచు వేడిగా, బీమ్ చేసేదానికి సరిగ్గా తిరగేసి. పల్స్‌ను నెమ్మది చేయండి లేదా తీగ సన్నం చేయండి. తీగ రెండు చివరలూ బిగిస్తే వ్యాకోచం ఆగి దొంగ స్ట్రెస్ వస్తుంది, కాబట్టి ఒక చివర జారే కాంటాక్ట్ ఉండాలి. కెపాసిటర్ బ్యాంక్‌కు డిశ్చార్జ్ రెసిస్టర్, ఎర్తింగ్ కర్ర, ఇంటర్‌లాక్ లేకుండా ఒక్క పల్స్ కూడా కొట్టొద్దు. ఇద్దరు లేకుండా ఆ గదిలో పని చేయొద్దు.

కూలింగ్ లూప్ కడితే బోరు నీళ్లు పోయొద్దు. మన గట్టి రాతి నేలలో బోరు నీళ్లు ఎక్కువచోట్ల సున్నం ఉన్న కఠిన జలమే. చదరపు మీటర్‌కు 1 మెగావాట్ వేడి పారే చోట 0.1 మిల్లీమీటర్ల సున్నపు పొర, వాహకత 1 అనుకుంటే, ఉపరితలాన్ని అదనంగా 100 డిగ్రీలు పెంచుతుంది. డీఅయొనైజ్డ్ నీళ్లు వాడి, విద్యుత్ వాహకత మీటర్‌ను లూప్‌లోనే పెట్టండి. ప్రవాహం లెక్క సులువు: 20 కిలోవాట్లను 10 డిగ్రీల పెరుగుదలతో తీయాలంటే నిమిషానికి 29 లీటర్లు. హీలియం అయితే సెకనుకు 32 గ్రాములు పంపినా గ్యాస్ 120 డిగ్రీలు పెరుగుతుంది. పైపులు వ్యాకోచించే చోటు ముందే ఉంచుకోవాలి.

అయాన్ బీమ్‌కు వెళ్లేటప్పుడు

అసలైన అధిక శక్తి ప్రోటాన్ల రేడియేషన్ బ్రూక్‌హేవన్ లాంటి చోట్ల అంతర్జాతీయ బృందాలతో కలిస్తేనే దొరుకుతుంది. మన దేశంలో చేతికి అందేవి అయాన్ బీమ్‌లు: ఢిల్లీ ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్), కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం ఐజీకార్‌లోని 1.7 మెగావోల్ట్ టాండెట్రాన్. అందరూ చేసే తప్పు ఐయూఏసీలో 15 మెగావోల్ట్ పెల్లెట్రాన్ ఉంది కదా అని 100 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ వెండి, బంగారం బీమ్ అడగడం. ఆ శక్తిలో అయాన్ తన శక్తిని దాదాపు మొత్తం ఎలక్ట్రాన్లకు ఇస్తుంది, పరమాణువులను తన్నడం స్వల్పం. టార్గెట్‌లో జరిగేది అది కాదు. కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, వీలైతే నమూనా సొంత మూలకపు అయాన్ అడగండి.

డోస్‌కు ఎస్‌ఆర్‌ఐఎం (అయాన్లు పదార్థంలో ఎంత లోతు వెళ్లి ఎంత దెబ్బతీస్తాయో లెక్కించే ప్రోగ్రామ్) వాడండి, "క్విక్" పద్ధతి ఎంచుకోండి. అది ఇచ్చే అంకె అయాన్‌కు ఆంగ్‌స్ట్రామ్‌కు ఎన్ని ఖాళీలు (పరమాణువు తప్పుకున్న చోట్లు) అని. దాన్ని 10⁸తో, ఫ్లుయెన్స్‌తో (చదరపు సెంటీమీటర్‌కు పడిన అయాన్ల సంఖ్యతో) గుణించి పరమాణు సాంద్రతతో భాగిస్తే డీపీఏ. ఉదాహరణకు ఖాళీలు 1.5, ఫ్లుయెన్స్ 10¹⁵, ఇనుము సాంద్రత 8.5 × 10²² అయితే 1.8 డీపీఏ. ఈ డోస్ కొన్ని గంటల్లో పడుతుంది, అసలు టార్గెట్‌లో అది నెలలు, ఏళ్లు. తొందరగా పడిన లోపాలకు కదిలే తీరిక ఉండదు కాబట్టి నమూనాను అసలు టార్గెట్ కంటే కొన్ని పదుల డిగ్రీలు ఎక్కువ వేడి మీద ఉంచి సరిచేస్తారు. హీలియం విడిగా, ముందే ఇంప్లాంట్ చేయాలి, లేకపోతే పైన చెప్పిన రెండో అంకె, హీలియం ఏపీపీఎం, సున్నా.

5 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ఇనుము అయాన్ స్టీల్‌లో ఒకటిన్నర మైక్రాన్ లోతే వెళ్తుంది. దాని మీద మామూలు వికర్స్ కాఠిన్యం కొలిస్తే కింద ఉన్న దెబ్బతినని లోహాన్నే కొలిచినట్టు. నానో ఇండెంటర్ వాడండి. మొన లోతుకు ఐదు నుంచి పది రెట్లు కింద దాకా లోహం నలుగుతుంది కాబట్టి 150 నానోమీటర్ల దగ్గర అంకె తీసుకోండి. మరీ పైపైన తీస్తే ఉపరితల గరుకు, ఇండెంటేషన్ సైజ్ ఎఫెక్ట్ (గుంట చిన్నదయ్యే కొద్దీ లోహం గట్టిగా కనిపించడం) అంకెను పెంచుతాయి. అందుకే బీమ్‌కు పంపే ముందే నమూనాలు కొలాయిడల్ సిలికాతో అద్దంలా పాలిష్ చేయాలి. బీమ్ తర్వాత పాలిష్ చేస్తే దెబ్బతిన్న పొరే ఊడిపోతుంది. రేడియేషన్ పడని జోడు నమూనాను అదే హీటర్ మీద, అంతే సేపు, బీమ్‌ను మూసి ఉంచి వేడి చేయండి. అది లేకుంటే మార్పు రేడియేషన్ వల్లా, వేడి వల్లా అన్నది చెప్పలేరు.

కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల భారీ అయాన్లతో నమూనా మామూలుగా రేడియోధార్మికం కాదు. ప్రోటాన్ బీమ్‌తో అవుతుంది. ఆ నమూనాను కేంద్రంలోని రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సర్వే చేసి రాతపూర్వకంగా వదిలితేనే తీసుకోండి. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి లేని ల్యాబ్‌కు రేడియోధార్మిక ముక్కను బ్యాగులో వేసుకుని కాజీపేట రైలెక్కడం నేరం, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు అన్యాయం కూడా.

బీమ్‌టైమ్ ప్రపోజల్‌లో పదార్థం హీట్ నంబర్, హీట్ ట్రీట్‌మెంట్, అయాన్, శక్తి, ఫ్లుయెన్స్, ఉష్ణోగ్రత, దాని తేడా పరిమితి, హీలియం మోతాదు, జోడు నమూనాల సంఖ్య అన్నీ అంకెల్లో రాయండి. ఒక్కో పరిస్థితికి కనీసం మూడు నమూనాలు పెట్టండి. పరీక్ష అయ్యాక మిగిలిన ముక్కలను హీట్ నంబర్, డోస్, తేదీ చెక్కిన అల్యూమినియం డబ్బాల్లో డెసికేటర్‌లో దాచండి. మూడేళ్ల తర్వాత అదే హీట్ నంబర్ పలకలోంచి తీసి అసలైన ప్రోటాన్లు పడ్డ నమూనా ఎక్కడైనా దొరికితే, పోల్చడానికి ఆ డబ్బానే కావాలి.